ఆరోగ్యం, పైకొచ్చావా?

ముర్తుజాని బజార్లో చూసినవాళ్ళు మాటలు రాని మనిషనుకునేవారు. టీ కొట్టు దగ్గర వేలు చూపిస్తే టీ వచ్చేది, ఇంట్లో కంచం ముందు కూచుంటే అన్నం వచ్చేది. "మా ఆయన గొంతంతా మిల్లులో ఖర్చు పెట్టి, ఉత్త చేతుల్తో ఇంటికొస్తాడు" అని మాబున్నీసా ఇరుగమ్మలతో చెప్పుకుని నవ్వేది. పెళ్ళాం మాట కాబట్టి కాస్త ఎక్కువ చేసి చెప్పిందనుకోకండి. నరసరావుపేట స్టేషను రోడ్డు వెనకాల పత్తి మిల్లులో అతను కేక వేస్తే రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయేవి. యంత్రాలు తిప్పే ముందు కేకలు వెయ్యడం అతని పని. జీతం మాత్రం ఫిట్టరు కింద ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే కేకలకు జీతమివ్వడం ఏ యజమానికీ ఇష్టముండదు.

అసలా కేకలెందుకో చెప్పాలి. హాలులో రెండు వరసల జిన్నులుండేవి. ఆడవాళ్ళు పత్తి అందిస్తుంటే అవి దూదిని ముందుకీ గింజల్ని కిందికీ వదిలేవి. ఈ జిన్నులన్నిటికీ కలిపి ఒకే ఆయిల్ ఇంజను. హాలు నేల కింద మనిషి వంగి నడిచేంత గొయ్యి, ఆ గోతిలో ఈ చివర్నించి ఆ చివరికి ఇనప షాఫ్టు, దాని మీంచి ఒక్కో జిన్నుకీ ఒక్కో బెల్టు. ఇంజను తిరిగిందంటే అన్నీ ఒకేసారి తిరుగుతాయి. ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఎవరి కొంగు ఎక్కడుందో దానికేం పట్టదు. అందుకని ఇంజను డ్రైవరు ముందు అడిగేవాడు, జనం బదులు చెప్పేవాళ్ళు, అప్పుడు తిప్పేవాడు.

ఆ కేకల్ని ఎవరూ ఒక చోట కూచుని తయారు చెయ్యలేదు. ఏదన్నా జరిగినప్పుడల్లా ఒకటి వచ్చి చేరేది. ఒకామె పైట జిన్నులో చిక్కి ప్రాణం మీదికొచ్చాక "కొంగులు దోపారా?" అన్నది చేరింది. పత్తి కుప్పలో కట్లపాము కనపడ్డాక "కుప్ప కదిపారా?" వచ్చింది. ఒకసారి దూది అంటుకుంది, "కందిళ్ళు ఆర్పారా?" వచ్చింది. ఇంజను వేడెక్కి ఆగిపోయింది, "తొట్లో నీళ్ళున్నాయా?" వచ్చింది. పాత యజమాని ముందు తనను అడిగితే గానీ తిప్పనిచ్చేవాడు కాదు గనక "పెద్దయ్యగారూ, తిప్పమంటారా?" అన్నదీ చేరింది. ఎవరికి తోచింది వాళ్ళు చేర్చారు గానీ, తియ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అన్నిటికన్నా ఆఖరిది వేరు.

ఆరోగ్యస్వామి అని ఆ మిల్లులో ఆయిల్‌మేను ఉండేవాడు. రోజూ గోతిలోకి దిగి షాఫ్టుకు నూనె పోసి పైకొచ్చేవాడు. ముర్తుజా ఇంకా పనిలో చేరని రోజులవి. ఇంజను దగ్గర అతని మేనమామ ఇమాం సాహెబ్ ఉండేవాడు. ఒక పొద్దున అందరూ బదులు చెప్పారు, ఇంజను తిరిగింది. ఆరోగ్యస్వామి ఇంకా కిందనే ఉన్నాడు. తర్వాతి సంగతి ఇమాం సాహెబ్ బతికుండగా ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. ఆరోగ్యస్వామి భార్య గ్రేసమ్మకు మిల్లువాళ్ళు గోతి మూతకి పక్కనే ఉన్న జిన్ను మీద పనిచ్చారు. దయ అంటే అదే అనుకున్నారు. మొగుడు పోయిన గోతి పక్కనే ఆమెను జీవితమంతా కూచోబెడుతున్నామని ఎవరికీ తట్టలేదు.

ఆ మర్నాటి నించి ఇమాం సాహెబ్ అన్ని కేకలూ అయ్యాక, ఇంజను చక్రం మీద చెయ్యి వేసి, గోతి వైపు తిరిగి అడిగేవాడు. "ఆరోగ్యం, పైకొచ్చావా?" కొత్తగా వచ్చిన ఆయిల్‌మేను "వచ్చా" అని బదులు చెప్పాలి. పేరు మాత్రం మార్చేవాడు కాదు. ఒక కుర్రాడు మొదటిరోజే అడ్డం తిరిగాడు. "నా పేరుతో పిలువు, పలుకుతా. చచ్చినోడి పేరుకి నేనెందుకు పలకాల?" అన్నాడు. ఇమాం సాహెబ్ ఇంజను పక్కన చతికిలబడి బీడీ ముట్టించాడు. జిన్నులన్నీ ఆగిపోయి ఉన్నాయి. పెద్దయ్యగారు కుర్చీలోంచి లేచొచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి కూచున్నాడు. చివరికి ఆ కుర్రాడే తల దించుకుని "వచ్చాలే" అన్నాడు. ఆ తర్వాత ఎంతమంది ఆయిల్‌మేన్లు మారినా, గోతిలోంచి పైకొచ్చే మనిషి పేరు ఆరోగ్యమే.

ఇమాం సాహెబ్ చూపు తగ్గి కూతురి దగ్గరికి గురజాల వెళ్ళిపోయేటప్పుడు ఇంజను ముర్తుజాకు అప్పగించాడు. కేకలన్నీ నేర్పాక మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. "మిగతావి ఒకనాడు మర్చిపోతే అల్లా క్షమిస్తాడు. ఇది మర్చిపోయావంటే నేను క్షమించను" అన్నాడు. ముర్తుజా తలూపాడు. అతని మాట ఎప్పుడూ తలూపడంతోనే సరి.

ఎనభై అయిదులో పెద్దయ్యగారి కొడుకు అమరేశ్వరరావు పాత ఇంజను తీసేసి కరెంటు మోటార్లు పెట్టించాడు. గోతిలో షాఫ్టు పోయింది. దాని చోట గింజల్ని గోడౌన్లోకి తోసే మర ఒకటి వచ్చింది, మెలికలు తిరిగిన పొడుగాటి ఇనపకడ్డీ. దానికి రోజూ నూనె పొయ్యనక్కర్లేదు. ఎప్పుడన్నా శుభ్రం చెయ్యాలంటే సాయంత్రం మిల్లు కట్టేశాక గోడౌను వైపు నించి దిగేవాళ్ళు. హాల్లో గోతిని నాపరాళ్ళతో కప్పేసి, మూత ఉన్న చోట ఇనప జాలీ బిగించారు. ఆయిల్‌మేను ఉద్యోగం పోయింది.

కేక మాత్రం ఉండిపోయింది. కొత్త స్విచ్చి దగ్గర నించుని ముర్తుజా మొదటిరోజు అడిగాడు. "ఆరోగ్యం, పైకొచ్చావా?" అడిగాక గుర్తొచ్చింది, పలికేవాడు లేడని. చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. అప్పుడు గ్రేసమ్మ తన జిన్ను దగ్గర్నించి లేచింది, జాలీ మీదికి వంగి కిందికి చూసింది, తిరిగొచ్చి కూచుంది.

"వచ్చాడు" అంది.

ఆ రోజు నించి అదే అలవాటయింది. రోజూ, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, అతను అడిగేవాడు, ఆమె లేచి వంగి చూసేది, "వచ్చాడు" అనేది. పాతవాళ్ళకది వింతగా అనిపించలేదు. కొత్తగా పెదకూరపాడు వైపు నించి పనికొచ్చిన అమ్మాయిలకు మాత్రం ఒళ్ళు జలదరించేది. వాళ్ళలో కృష్ణకుమారి అనే పిల్ల ఒకరోజు గ్రేసమ్మను అడిగేసింది.

"అందులో ఎవరున్నారత్తా?"

"మా ఆయన."

అంత మామూలుగా చెప్పింది. మర్నాడు ముగ్గురు పిల్లలు పనికి రాలేదు. ఊళ్ళో దయ్యాల మిల్లు అన్న పేరు పుట్టింది. పేరు పుట్టడానికి ఎంతసేపు, పోవడానికి గానీ!

అమరేశ్వరరావు చెడ్డవాడేం కాదు. పత్తి గుట్టలుగా వచ్చి పడుతుంటే, ఉన్న కాసేపు కరెంటులో ఆడించుకోవాలని ఆత్రం. ముర్తుజాని ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"ఏందయ్యా ఈ కేకల గోల? ఇంజనే లేదు, తొట్టెక్కడిది? బల్బులుంటే కందిళ్ళేంది? కరెంటొచ్చి నువ్వు కేకలన్నీ ముగించేలోపు మళ్ళీ పోద్ది. ఏవి పన్జేస్తన్నయ్యో, ఏవి చచ్చినయ్యో చూసి, చచ్చినవి తీసేయ్. గంట పెట్టిస్తన్నా. గంట కొట్టు, స్విచ్చెయ్యి."

ముర్తుజాకు అందులో తప్పు కనపడలేదు. తొట్టి పోయింది, కందిలి పోయింది. కొంగులూ కుప్పా ఉండాలన్నాడు, యజమాని సరేనన్నాడు.

"పెద్దయ్యగారిది కూడా తీసేద్దామా బాబుగారూ?"

అమరేశ్వరరావు గోడ మీద తండ్రి ఫోటో వంక చూశాడు. "అది ఉండనీలే. నాన్న పేరు పొద్దున్నే వినపడితే మంచిదే గదా" అన్నాడు. పెద్దయ్యగారు పోయి అప్పటికి ఏళ్ళయింది. గుమాస్తా ఆయన బదులు "తిప్పు" అనేవాడు.

"మరి ఆరోగ్యానిది?"

"అదే ముందు తియ్యాల్సింది. దాని మూలానే పిల్లలు పారిపోతన్నారు."

చచ్చినవాళ్ళలో కూడా కుర్చీ మీద కూచున్నవాళ్ళు వేరు, గోతిలో దిగినవాళ్ళు వేరు. ముర్తుజా ఈ మాట అనలేదు, నేనంటున్నాను. అతను ఎప్పట్లాగే తలూపి బయటికొచ్చాడు.

మర్నాడు గంట మోగింది. కొంగులు అడిగాడు, కుప్ప అడిగాడు, పెద్దయ్యగారిని అడిగాడు. గ్రేసమ్మ అప్పటికే జిన్ను మీద చేతులు ఆనించి లేవబోతోంది. అతను ఆమె వైపు చూడకుండా స్విచ్చి వేసేశాడు. జిన్నులన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఆమె సగం లేచిన మనిషి సగంలోనే కూచుండిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర నిలేసింది. "ఏంది ముర్తుజా, ఇయ్యాల మర్చిపోయావా?"

"బాబుగారు తీసెయ్యమన్నారక్కా. కింద ఎవరూ లేరుగా."

"లేరని నువ్వు చూశావా?"

"గోతిలో గింజల మర తప్ప ఏముందక్కా?"

ఆమె అతని ముఖంలోకి చూసి, "పిలవకపోతే ఆయన పైకెట్టా వస్తాడు?" అని అడిగింది. బదులు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ముర్తుజాతో ఆమె మాట్లాడలేదు.

అప్పట్నించి ముర్తుజాకు పట్టుకుంది. దయ్యం పట్టింది అనను. అతనికి దయ్యాల మీద నమ్మకం లేదు, మసీదుకెళ్ళే మనిషి. కానీ గుమాస్తా "తిప్పు" అన్నాక చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళే ఆ క్షణంలో హాలంతా దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుండేది. జిన్నుల హోరులో నేల కిందనించి ఎవరో అడుగుతున్నట్టు ఉండేది. అడిగేదేమిటో తెలిసేది కాదు. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని చెవి పక్కకి పెట్టేవాడు. "ఎవరన్నా పిలిచారా?" అనేవాడు. మాబున్నీసా నవ్వడం మానేసింది. తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు కింద అతని చెయ్యి చిక్కిపోతూ వచ్చింది.

మాఘమాసంలో గురజాల నించి కబురొచ్చింది. ఇమాం సాహెబ్‌కు ఆఖరి ఘడియలు. ముర్తుజా వెళ్ళేసరికి ముసలాయన నులక మంచం మీద ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నా చూపు లేదు. మేనల్లుడి చెయ్యి తడిమి గుర్తుపట్టాడు.

"పిలుస్తన్నావా?" అన్నాడు.

ముర్తుజా చుట్టూ చూశాడు. మంచం చుట్టూ ఆడవాళ్ళు ఖురాను చదువుతున్నారు. "పిలుస్తన్నా మామూ. రోజూ" అన్నాడు.

"పలుకుతున్నాడా?"

"పలుకుతున్నాడు."

ముసలాయన ముఖం తేటపడింది. ఆ సాయంత్రమే పోయాడు. ఖబరస్తాన్లో పిడికెడు మట్టి వేస్తుంటే ముర్తుజా వేళ్ళు విడిపోలేదు, ఎవరో పట్టి విడదీశారు. పోయేవాడి చెవిలో అబద్ధం వేసి పంపించాను అనుకున్నాడు. అక్కడ ఆరోగ్యస్వామి ఎదురుపడితే ఈ ముసలాయన ఏం చెబుతాడు? ఆ ఆలోచన బస్సులో నరసరావుపేట దాకా అతని పక్కనే కూచుని వచ్చింది.

అతను మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు ఆకాశం మూసుకుని ఉంది. ముందురోజు కురిసిన అకాల వానకు పత్తి తడిసింది, తడి గింజలు గోతిలో మరకు చుట్టుకుని ముద్దకట్టాయి. ఆ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆడవాళ్ళు అన్నాలు తిన్నారు, కొందరు దూది బోరాల మీద నడుం వాల్చారు. చాలాసేపటికి బల్బులు వెలిగాయి. అమరేశ్వరరావు ఆఫీసులోంచే అరిచాడు. "వచ్చింది, వచ్చింది! కానీయండి!"

ముర్తుజా గంట కొట్టాడు.

"కొంగులు దోపారా?"

"దోపాం."

"కుప్ప కదిపారా?"

"కదిపాం."

"పెద్దయ్యగారూ, తిప్పమంటారా?"

"తిప్పు" అన్నాడు గుమాస్తా ఆవలిస్తూ.

ముర్తుజా చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ముసలాయన గుడ్డి కళ్ళు, తేటపడిన ముఖం కనపడ్డాయి. గొంతు అతన్నడక్కుండానే లేచింది.

"ఆరోగ్యం, పైకొచ్చావా?"

పావురాలు లేచిపోయాయి. కృష్ణకుమారి చేతిలో పత్తి కింద పడేసింది. ఇన్ని నెలల తర్వాత గ్రేసమ్మ తల తిప్పి అతని వంక చూసింది. మెల్లగా లేచింది, జాలీ దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద వంగింది. హాలంతా ఆమె "వచ్చాడు" అనడం కోసం ఆగింది. ఆమె అనలేదు. ఇంకా వంగింది, ముఖం జాలీకి ఆనించింది.

"రాలేదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తలెత్తింది. "రాలేదు ముర్తుజా. ఇంకా కిందే ఉన్నాడు. వీపు కనపడతాంది."

అమ్మాయిలు కెవ్వుమని గోడకి జరిగారు. అమరేశ్వరరావు పరుగున వచ్చాడు. "ఇందుకే తియ్యమన్నా! ముసల్దానికి మతి పోయింది. ఎవరన్నా పట్టుకుని అవతల కూచోబెట్టండి. ముర్తుజా, స్విచ్చెయ్యి. మళ్ళీ పోద్ది కరెంటు."

గ్రేసమ్మకి కనపడింది నిజమని ముర్తుజా అనుకోలేదు. ఆ సంగతి తర్వాత అతనే ఒప్పుకున్నాడు. ఆమె తన మొగుణ్ణి చూస్తోందనే అనుకున్నాడు. అందుకే వెయ్యలేకపోయాడు. కిందున్నాడని కట్టుకున్నది చెబుతుంటే, ఆ మనిషి మీద ఇంకోసారి యంత్రం తిప్పడం ఎట్లా?

"వెయ్యలేను బాబుగారూ" అన్నాడు.

"ఏందీ?"

"మీరెయ్యండి, మీకు చెయ్యాడితే."

యజమానికి బదులు చెప్పడం అతని బతుకులో అదే మొదలు. అమరేశ్వరరావు స్విచ్చి వైపు ఒక అడుగు వేసి, గ్రేసమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. ముర్తుజా ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు, గోడౌను వైపు వెళ్ళి గోతిలోకి దిగాడు.

కింద చీకటి, తడి గింజల పులుపు వాసన. వంగి నడిచాడు. కాసేపటికి టార్చిలైటు వెలుగు కనపడింది. ఆ వెలుగులో ఒక వీపు.

"ఎవరది?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

వీపు కదల్లేదు. ముర్తుజా దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం వెచ్చగా తగిలింది. ఆ మనిషి అదిరిపడి వెనక్కి తిరిగి, చెవులకు చుట్టుకున్న తువ్వాలు ఊడదీశాడు. సుభానీ. మోటార్లు చూడ్డానికి కొత్తగా చేరిన మెకానిక్కు. చేతులు మోచేతుల దాకా మరలో పెట్టి ముద్దకట్టిన గింజలు లాగుతున్నాడు.

"కరెంటు లేదుగా అని దిగా అన్నా. గోడౌను కాపలా ఆయనకి చెప్పే దిగా" అన్నాడు. గోడౌను కాపలా ఆయన టీకి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

"గంట వినపడలేదా?"

"ఏ గంట?"

ముర్తుజా ఆ గింజల్లోనే కూలబడి, సుభానీ మోచెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏమైందన్నా అని ఆ కుర్రవాడు అడుగుతూనే ఉన్నాడు.

హాల్లోకి వచ్చేసరికి సుభానీ నెత్తి నించి కాళ్ళ దాకా దూదిపీచుతో తెల్లగా ఉన్నాడు. ఒక పిల్ల గట్టిగా ఏడ్చేసింది. అమరేశ్వరరావు పెద్దయ్యగారి కుర్చీలో కూలబడి, రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. గ్రేసమ్మ మాత్రం సుభానీ దగ్గరికెళ్ళింది. కొంగు తీసి అతని ముఖం మీద పీచు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ వెతికింది. పీచు పోయాక ఆ ముఖం ఎవరిదో ఆమె బాగానే చూసింది.

"పెళ్ళయిందా నాయనా?" అంది.

"అయింది పిన్నీ. అబిదా అని, మా మేనమామ కూతురే."

ఆమె తలూపింది. హాలు వైపు తిరిగి, పాత గొంతుతో గట్టిగా చెప్పింది.

"వచ్చాడు."

సాయంత్రం గేటు దగ్గర ముర్తుజా ఆమె కోసం ఆగాడు. తప్పయిందనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"రేపట్నించి నువ్వడుగు. బదులు మాత్రం సుభానీని చెప్పమను, జాలీ దగ్గరికెళ్ళి చూసి చెప్పమను. నేను చెప్పను."

"ఎందుకక్కా?"

"ఇన్నాళ్ళూ రాని మనిషిని వచ్చాడు వచ్చాడని నోటికొచ్చినట్టు చెప్పా. కింద చూసినప్పుడల్లా చీకటి తప్ప ఏం కనపళ్ళేదు. ఇయ్యాల చూసింది చెప్పా, వచ్చినోణ్ణి వచ్చాడన్నా." కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆయన రాడు ముర్తుజా. చానా ఏళ్ళ కిందే నాకు తెలుసు. ఇంక నాతో ఆ మాట చెప్పించబాకు."

మర్నాడు పొద్దున అమరేశ్వరరావు మిల్లు తెరవకముందే వచ్చి గుమ్మంలో నించున్నాడు. కేకలు తియ్యమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. గంట మోగింది. కొంగులయ్యాయి, కుప్పయింది. పెద్దయ్యగారి కేక వచ్చేసరికి గుమాస్తా నోరు తెరిచాడు, అమరేశ్వరరావు చేత్తో వద్దన్నాడు. ముర్తుజా దాన్ని వదిలేసి గోతి వైపు తిరిగాడు.

"ఆరోగ్యం, పైకొచ్చావా?"

సుభానీ జాలీ దగ్గరికెళ్ళి, వంగి, టార్చి వేసి ఆ చివర్నించి ఈ చివరి దాకా చూశాడు. పక్క జిన్ను మీద గ్రేసమ్మ కొంగు నడుముకి దోపుకుని, తల వంచుకుని పత్తి సర్దుకుంటోంది.

"వచ్చా" అన్నాడు సుభానీ. ముర్తుజా స్విచ్చి వేశాడు.